అవ్వ దగ్గరికి వచ్చిన లాంగ్‌దాక్ ఆవిడ

తొంభైల్లో నేను హిందూపురం కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఒకరోజు ఒక ఫ్రెంచ్ ఆవిడ మా స్టాఫ్‌రూముకు వచ్చింది. ధర్మవరంలో చీరలు చూసి, ఈ దారం ఎక్కడిదని అడిగితే హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పంపారట. మార్కెట్లో గూళ్లుంటాయి గానీ మేత మేసే పురుగులుండవు కదా. ఆమెకు వాటినే చూడాలని. ఇంగ్లీషు వచ్చినవాళ్ల కోసం వెతుక్కుంటూ నా దగ్గర తేలింది. పెనుకొండ దగ్గర మా ఊళ్లో మా అవ్వ పట్టుపురుగులు మేపేది. ఆదివారం ఆవిడను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

అవ్వ ఆమెను పురుగులింటి గడప దగ్గరే ఆపేసింది.

"ఆయమ్మ సెంటు పూసుకోనుండాది. ఆ వాసనకి పురుగులు ఆకు ముట్టవు. కడుక్కోని రమ్మను."

నాకు తల తీసేసినట్టయింది. నీళ్లు నములుతూ ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. పురుగులు మేపిన వాళ్ల అవ్వ కూడా ఇంతేనట, ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదట. తొట్టి దగ్గర మెడా చేతులూ తోముకుని వచ్చి, మాతోపాటు మల్బరీ ఆకు తరగడానికి కూర్చుంది.

తరుగుతూ తన సీమ గురించి చెప్పింది. ఫ్రాన్సుకు దక్షిణాన, ఐదు జిల్లాల లాంగ్‌దాక్-రూసియోన్. కింద సముద్రం, పైన కొండలు. వాళ్లది కొండ ఊరు. రాళ్ల నేల, ఎండ మాడ్చేస్తుంది, వానొస్తే ఒక్కసారే వచ్చి మట్టినంతా ఊడ్చుకుపోతుంది. రాతికట్టలు కట్టి మల్బరీ నాటుకున్నారు. బంగారు చెట్టు అనేవాళ్లట. పురుగుల గుడ్లు పొదగడానికి ఆడవాళ్లు వాటిని గుడ్డసంచిలో మూటగట్టి రొమ్ముల మధ్య పెట్టుకు తిరిగేవాళ్లట. ఆ మాటకు అవ్వ కత్తి ఆపి, మంచి ఉపాయమే అంది. తర్వాత పురుగులకు రోగం తగిలింది. విరుగుడు దొరికినా, దూరదేశాల చౌక పట్టు వచ్చిపడింది. వాళ్ల అవ్వ తరంతో మేపడం ఆగిపోయింది.

లాంగ్‌దాక్ అంటే 'ఓక్' భాష అట. అవును అనడానికి అక్కడివాళ్లు 'ఓక్' అనేవాళ్లు. బడిలో ఆ భాష మాట్లాడినందుకు వాళ్ల అవ్వ దెబ్బలు తిన్నదట.

"అవునన్నందుకు కొట్టేదేమి?" అంది మా అవ్వ.

నాలుగో జ్వరం లేచిన పురుగులు, అంటే ఆఖరిసారి కుబుసం విడిచినవి, ఆకలి మీదున్నాయి. ఆవిడ తట్టల్లో ఆకు పరిచింది. కాసేపటికి ఇల్లంతా నమిలే చప్పుడు. కళ్లు మూసుకుని నిలబడిపోయింది. ఆ చప్పుడు గురించి ఇంట్లో చెప్పుకోవడమే గానీ ఎప్పుడూ చెవులారా వినలేదని, తాను పుట్టేసరికి తమ తట్టలన్నీ పొయ్యిలోకి పోయాయని మెల్లగా చెప్పింది.

ఆ మాట నేను తెలుగులో చెప్పాను. అవ్వ ఇంకో గంప ఆకు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

తిరుగు బస్సులో ఆమెకు సీటు దొరికింది, నాకు దొరకలేదు. పసరుతో పచ్చబడిన చేతులు ఒళ్లో విప్పి పెట్టుకుని, హిందూపురం దాకా కిటికీలోంచి మా బీడు గుట్టలను చూస్తూనే ఉంది.