కానుకల పళ్లెంలో గ్రేసమ్మ గొంతు

యాభై ఏళ్ల కిందట నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలుగురు ఆడపిల్లల్ని లారీలో హైదరాబాద్ తీసుకెళ్లి చర్చి పాటలు పాడించారు. గ్రామఫోన్ రికార్డు వచ్చింది. దాని మీద పాటలు రాసినాయన పేరుంది, హార్మోనియం వాయించినాయన పేరుంది. పాడినవాళ్లకు మాత్రం ‘స్త్రీల బృందం’ అన్న రెండు మాటలే మిగిలాయి. తలా ఒక చీర ఇచ్చి పంపారు. ఆ నలుగురిలో ఒకతె గ్రేసమ్మ. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. “పెద్దోళ్లు రాయలే, ఏం జేస్తం?” అనుకొని కందిచేను కలుపుకు పోయింది.

సిర్గాపూర్ దగ్గరున్న గ్రేసమ్మ ఊరి చర్చికి ఒక రికార్డు పంపారు. వాయించే మిషన్ ఊళ్లో ఎవరికీ లేదు. కొన్నేళ్లు బీరువాలో పడి ఉంది. దేవుని పాట ఊరికే ఉండొద్దని, ఆడవాళ్లు దాన్ని మరిగే నీళ్లలో ముంచి, అంచులు పువ్వులా మడిచి కానుకల పళ్లెం చేశారు. నీళ్లు కాచింది గ్రేసమ్మే. అప్పటి నుంచి ప్రతి ఆదివారం తన గొంతు మీదే చిల్లర వేస్తోంది.

ఇప్పుడు నలుగురిలో ఇద్దరే మిగిలారు. రెండో ఆమె రోజ, కల్హేర్‌లో మంచం పట్టింది. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

“ఏమే గ్రేసీ, మనం పాడింది మనమే ఇనకపోతిమి గదనే,” అంది రోజ, చూడవచ్చిన గ్రేసమ్మతో. “నీ గొంతు కాకి గొంతని నేనంటుంటి. ఒక్కసారి ఇంటే ఖాయం చేసుకుంట.”

గ్రేసమ్మ నవ్వలేకపోయింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది. ఆటో నడిపే కొడుకు థామస్ పళ్లెం లేబుల్ ఫొటో తీసి, హైదరాబాద్‌లో పాత రికార్డులమ్మే ధర్మేందర్‌కు పంపాడు. వెంటనే ఫోన్ వచ్చింది.

“గిన్నె జేసిండ్రా! అయ్యో! గసొంటిదే నా దగ్గరున్నది. పద్దెనిమిది వేలు.”

“గంతనా, అన్నా?”

“ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ మోగలే. కవరు సీలు తెగలే. గందుకే గా రేటు. శనివారం కొననీకి బెంగళూరు పార్టీ వస్తుండు.”

“కొనలేం గని, ఫోన్ల ఒక్క పాట ఇనిపియ్యి అన్నా.”

“సీలు తెంపితే సగం రేటు పోతది, తమ్మీ.”

గ్రేసమ్మ ఫోన్ లాక్కుంది. “నాయనా, గండ్ల ఉన్నది నా గొంతే. ఇనిపిస్తే ఏం పోతది?”

“నీ గొంతని నాకెట్ల ఎర్క? నీ పేరున్నదా అమ్మా దాని మీద?”

గ్రేసమ్మ ఫోన్ కొడుకు చేతిలో పెట్టేసింది.

శుక్రవారం దాకా ఎన్నిసార్లు అడిగించిందో. “అమ్మినవా అన్నా?” అంటాడు థామస్. “ఇంక లేదు,” అంటాడతను. మరో పక్క రోజ కోడలి నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా గ్రేసమ్మ “ఉన్నదా?” అనే ముందు అడుగుతుంది. శనివారం మధ్యాహ్నం అమ్మేశాడు. కొన్నాయన పేరు చెప్పనన్నాడు.

మోగని రికార్డుకు పద్దెనిమిది వేలు. పాడిన మనిషికి ఒక చీర. ఈ లెక్క ఎవరు కట్టారో మనకు తెలియదా?

అయ్యా, దాన్ని కొన్నవారూ, మీరిది చదువుతుంటే ఆ సీలు తెంపండి. ధర్మేందర్ దగ్గర థామస్ నంబరుంది. ఒక్క పాట వినిపించండి. మీ అటకల మీద ఇలాంటి రికార్డు ఉన్నవాళ్లూ దించి, మోగించి చూడండి. ‘బృందం’ అని ఉన్నచోట ఎవరెవరు పాడారో అడిగి, అట్ట మీద పేర్లు రాయండి. రోజకు చెవులు ఇంకా వినిపిస్తున్నాయి. ఆలస్యం చేయకండి.