లింగన్న ఇవ్వని కడ్డీ

ఈ మధ్య మేము మారిన అపార్టుమెంటులో బోరు నీళ్లు కాచితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మా కోడలు ముక్కు మూసుకుని ప్లంబరుకి ఫోను చేస్తుంది. నేను మాత్రం ఆ ఆవిరి దగ్గర ఇంకో రెండు నిమిషాలు ఎక్కువే నిలబడతాను. మూతిలోంచి మందు పోసి పేల్చే పాతకాలపు తుపాకీ గొట్టాన్ని వేడినీళ్లతో కడిగినప్పుడు అచ్చం ఇదే వాసన వస్తుంది. నాకది తెలిసింది సౌదీలో, హుఫూఫ్ పక్కన ఒక ఖర్జూరపు తోటలో. ఆ నీళ్లు కాచినవాడు కమ్మరి లింగన్న. నిర్మల్ దగ్గరి పల్లెటూరు ఆయనది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద.

నాది తెనాలి వైపు. అప్పట్లో అల్ ఖోబర్‌లో పంపుల కంపెనీలో ఇంజనీర్ని. కువైట్ కోసం గల్ఫ్ యుద్ధం మొదలవబోతుందనగా ఆడవాళ్లనీ పిల్లల్నీ ఇండియా పంపేశాం. సైరన్లు మొదలయ్యాక కంపెనీ నన్ను ఈ తోటకి పంపింది. అక్కడ మా పంపులు బిగించే పని ఎలాగూ ఉంది. యజమాని అబూ ఫహద్ నెమ్మదైన మనిషి. ఆయన తండ్రికి తొంభై ఏళ్లుంటాయి. అతిథులు కూర్చునే పెద్ద గది గోడకి ఆ ముసలాయన తాతలనాటి తుపాకులు నాలుగు వేలాడుతుండేవి. రేడియోలో సైరన్ వినపడితే చాలు, ముసలాయన ఒక తుపాకీ దించి, మందు పోసి, గుడ్డ కుక్కి, సీసపు గుండ్లు పోసి, మళ్లీ గోడకి తగిలించేవాడు. ఆకాశంలోంచి వచ్చే క్షిపణికి ఆ తుపాకీ ఏం చేస్తుందని మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. లింగన్న నవ్వలేదు.

"నగుడు కాదు సారు. యుద్ధం ఇయ్యాల కాకుంటె రేపు బందైతది. గీ మందు గొట్టంలనే ఉంటది. ఎవరు యాదుంచుకుంటరు?" అన్నాడు.

అప్పుడే ఆయన ఎడమచేతిని మొదటిసారి గమనించాను. రెండు వేళ్లు లేవు. తోటలో గడపారలూ పైపులూ సాగగొట్టే మనిషి కదా, పనిలో పోయాయనుకున్నాను. అడిగితే చెప్పాడు. ఊళ్లో ఉండగా ఆయనా వాళ్లన్నా మొక్కజొన్న చేనులో అడవిపందుల కోసం నాటు తుపాకీతో కాపలా కాసేవాళ్లట. ఒకనాడు మొదటి దెబ్బ తప్పింది. పంది ఇంకా చేనులోనే ఉంది. అన్న కొలత గిన్నెలో పోసుకోకుండా, మందు నిండిన కొమ్మునే తిన్నగా వేడి గొట్టంలోకి వంచాడు. లోపల ఎక్కడో ఒక నిప్పురవ్వ మిగిలి ఉంది. కొమ్ము మొత్తం చేతిలోనే పేలింది. తుపాకీ పట్టుకుని ఉన్నది లింగన్న.

"పంది పోతదని తొందరపడ్డం. పంది పోతె మల్ల వస్తుండె సారు. మా అన్న రాలే." అంతే అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

యుద్ధం ఆగిపోయిన వారానికే లింగన్న అబూ ఫహద్ దగ్గరికి వెళ్లి తుపాకులు ఖాళీ చేస్తానన్నాడు. చూద్దాంలే అన్నాడాయన. మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. చివరికి విసుగుపుట్టి యజమాని ఒప్పుకున్నాడు. తీరా చూస్తే గోడ మీద మూడే ఉన్నాయి. నాలుగోదాన్ని ముసలాయన తన మనవడు నాసర్‌కి కానుకగా ఇచ్చేశాడు. అది రియాద్ వెళ్లిపోయింది. ఉన్న మూడింట్లో రెండు నింపి ఉన్నాయి. లింగన్న నీళ్లు పోసి మందు తడిపి, చివర మర ఉన్న కడ్డీతో గుడ్డా గుండ్లూ లాగి, వేడినీళ్లతో కడిగాడు. కడిగినంతసేపూ నాలుగోదాని గురించే మాట్లాడాడు. అది నింపి ఉందో లేదో చెప్పగలిగింది ముసలాయన ఒక్కడే. ఆయనకి అప్పటికే మతి తప్పింది. ఆ వేసవిలోనే పోయాడు కూడా. రియాద్ నుంచి ఏ కారొచ్చినా లింగన్న చేతులు తుడుచుకుంటూ వెళ్లి తుపాకీ సంగతి అడిగేవాడు. "నీకెందుకయ్యా అంత పట్టుదల?" అన్నాను ఒకసారి. "నాకు తెల్సు గద సారు. తెల్సినోడు ఊకుంటె ఎట్ల?" అన్నాడు.

చలికాలంలో వానలు పడి ఎడారిలో గడ్డి మొలిచింది. కుందేళ్ల వేటకని నాసర్ మిత్రుల్ని వెంటబెట్టుకొచ్చాడు. అమెరికాలో చదువుకున్నవాడు, పాతికేళ్లుంటాయి. తాత తుపాకీతోనే కుందేలు కొడతానని పందెం వేశాడట. అబూ ఫహద్ నన్నూ రమ్మన్నాడు. లింగన్నని ఎవరూ పిలవలేదు. ఆయన తన పనిముట్ల పెట్టె పట్టుకుని నీళ్ల బండి ఎక్కి కూర్చున్నాడు.

ఎడారిలో దిగి దుప్పట్లు పరిచారు. నాసర్ తుపాకీ సంచి విప్పాడు. అతను మందు డబ్బా మూత తీసేలోగా లింగన్న తుపాకీ పక్కనున్న కడ్డీని చేతిలోకి తీసుకున్నాడు. మందునీ గుండ్లనీ అడుగుదాకా దట్టించే కడ్డీ అది. అది లేకుండా ఆ తుపాకీ నింపడం కుదరదు. ముందు, దెబ్బ తగిలితే పేలి మందుని అంటించే రాగి టోపీ పెట్టే చోట ఏమీ లేదని చూశాడు. మూతి జనం లేని వైపు తిప్పి, పక్కన నిలబడి, కడ్డీని మెల్లగా లోపలికి వదిలాడు. మూతి దగ్గర వేలితో గుర్తుపెట్టి పైకి తీసి, గొట్టం పొడుగునా బయటినుంచి ఆనించి చూశాడు. కడ్డీ అడుగుదాకా వెళ్లలేదు. జానెడు కంటే ఎక్కువే తేడా ఉంది.

"నింపి ఉన్నది," అన్నాడు.

నాసర్ నవ్వాడు. తాను ఏడాదిగా దాన్ని ముట్టుకోలేదని, లోపల ఉన్నది తుప్పో మట్టో అయి ఉంటుందని నాతో ఇంగ్లిషులో అన్నాడు. కడ్డీ ఇమ్మని చెయ్యి చాపాడు. లింగన్న కడ్డీని రెండు చేతుల్తో పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మిత్రులు చూస్తున్నారు. నాసర్ ముఖం ఎర్రబడింది. "వీణ్ణి ఇవ్వమను. లేకపోతే రేపే ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తా," అన్నాడు నాతో.

లింగన్నకి పని నడిచేంత అరబ్బీ వచ్చు. గొడవకి అది చాలదు. నా వైపు తిరిగి అన్నాడు: "ఇయ్యనని చెప్పు సారు. దీంట్ల మందుంది. మీదికెల్లి ఇంకింత పోస్తె గొట్టం పలుగుతది. ఆయన సస్తడు, పక్కనున్నోళ్లు సస్తరు."

నాకు నాసర్‌తో పేచీ ఇష్టం లేదు. మా కంపెనీకి అక్కడ పూచీ ఉన్నది అబూ ఫహదే, సౌదీలో ఉండనిచ్చే నా ఇకామా కాగితాలూ ఆ ఇంటివాళ్ల మంచితనం మీదే నడుస్తున్నాయి. అందుకని, "శుభ్రం చేసి ఇస్తానంటున్నాడు, కాస్త ఆగితే మంచిదంటున్నాడు," అని ఇంగ్లిషులో అన్నాను. లింగన్నకి ఇంగ్లిషు రాదు. కానీ నా ముఖం చూశాడు.

"మెత్తగ చెప్తున్నవ్ సారు. నేనన్నట్లనే చెప్పు. సస్తరని చెప్పు."

నాకు సిగ్గేసింది. నాసర్ కళ్లలోకి చూసి, లింగన్న అన్న మాటలు ఒక్కటీ తగ్గించకుండా చెప్పాను. ఇంటికి పంపినా సరే కడ్డీ ఇవ్వడట అని కూడా చెప్పాను. కేకలు విని అబూ ఫహద్ వచ్చాడు. విషయం విని లింగన్న వైపు తిరిగాడు. "ఖాళీ చేసి చూపించు," అన్నాడు.

దాదాపు గంట పట్టింది. నీళ్లు పోసి నానబెట్టి, మర ఉన్న కడ్డీతో లాగితే ముందు ముసలాయన తలగుడ్డ పేలిక వచ్చింది, తర్వాత గుండ్లు, మళ్లీ గుడ్డ, తడిసి నల్లబడిన మందు. అందరూ అయిపోయిందనుకున్నారు. లింగన్న కడ్డీ మళ్లీ వదిలి కొలిచి, తల అడ్డంగా ఊపాడు. దాని కింద ఇంకో గుడ్డ, ఇంకిన్ని గుండ్లు, ఇంకింత మందు. పాపం, ముసలాయన నింపిన సంగతి మరిచి రెండోసారి నింపాడు. నాసర్ పొయ్యబోయింది మూడోది. అతను ఇసుకలో పడిన గుండ్లని ఒక్కొక్కటే ఏరుకున్నాడు. క్షమాపణ చెప్పలేదు. ఆ రోజు వేట లేదు.

మర్నాడు పొద్దున్నే నాసర్ ఒక్కడే లింగన్న కొట్టానికి వచ్చాడు. నేర్పమన్నాడు. లింగన్న రెండు రోజులపాటు ఖాళీ తుపాకీతోనే నేర్పాడు. ముఖం మూతి మీదికి వంచితే పక్కకి నెట్టాడు. కొమ్ములోంచి తిన్నగా గొట్టంలోకి పొయ్యబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు. యజమాని ఇంటి పిల్లవాణ్ణి కొట్టాడేమిటా అని నేను హడలిపోయాను. నాసర్ మాత్రం చెయ్యి రుద్దుకుని కొలత గిన్నె తీసుకున్నాడు. వేటకి ఎదురుగా నిలబడ్డాకే టోపీ పెట్టాలి. బండెక్కే ముందు టోపీ తీసెయ్యాలి. టోపీ పేలి మందు అంటుకోకపోతే మూతి కదల్చకుండా నూరు లెక్కపెట్టాలి. "నూరంటె నూరే. తొంభై కాదు," అన్నాడు లింగన్న. నేనది యథాతథంగా ఇంగ్లిషులో చెప్పాను.

మూడో రోజు మళ్లీ ఎడారికి వెళ్తే కుందేలు లేచింది. నాసర్ గురిపెట్టి నొక్కాడు. టోపీ టప్పుమంది, తుపాకీ పేలలేదు. వెనకనున్న మిత్రుడు "ఏమైంది?" అంటూ ముందుకొచ్చాడు. కుందేలు వెళ్లిపోతోంది. నాసర్ వెనక్కి తిరగలేదు. భుజం మీంచి తుపాకీ దించలేదు. మూతి ఇసుక తిన్నె వైపే ఉంచి పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు: వాహెద్, ఇత్నేన్, తలాతా... ఆరు ఇంకా అననేలేదు, తుపాకీ పెద్ద మోతతో పేలి తిన్నె మీద ఇసుక లేచింది. పొగ పోయాక నాసర్ తుపాకీ కింద పెట్టి, లింగన్న దగ్గరికి నడిచి వచ్చి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు. లింగన్న తడబడి నా వైపు చూశాడు. "కుందేలు పాయె గద," అన్నాడు.

మరో రెండేళ్లకి చూపు మందగించి లింగన్న ఎగ్జిట్ తీసుకున్నాడు. దహ్రాన్ విమానాశ్రయానికి నేనే దింపాను. ఊళ్లో కొలిమి పెట్టుకున్నాడని, కొడుకు చేత రెండు ఉత్తరాలు రాయించాడు. ఆయన పోయిన సంగతి నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నేను అల్ ఖోబర్ దగ్గర ఒక చిన్న ప్లాంటులో చేరాను. అక్కడ ఒక ట్యాంకులోకి బంగ్లాదేశ్ వెల్డర్ని దించాలి. లోపల గ్యాస్ లేదని పరీక్ష కాగితం వచ్చింది గానీ, ఆ పరీక్ష చేసినవాణ్ణి ఎవరూ చూడలేదు. అతను దిగొచ్చని నన్ను సంతకం పెట్టమన్నాడు మేనేజరు. పెట్టనన్నాను. ఆలస్యమైతే ఎంత నష్టమో చెప్పాడు, నన్ను బదిలీ చేయిస్తానని కూడా చెప్పాడు. వెల్డరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఒక్క క్షణం మెత్తని మాటేదో నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఇప్పుడు దిగితే ఇతను చస్తాడు, నేను సంతకం పెట్టను," అని మొదట ఇంగ్లిషులో, తర్వాత వెల్డరుకి అర్థమయ్యేలా హిందీలో అన్నాను. అప్పటినుంచి రిటైరయ్యేదాకా ఆ "సంతకం పెట్టను" అన్న మాట చాలాసార్లు అన్నాను. అన్న ప్రతిసారీ భయం వేసేది. అయినా అనేవాణ్ణి.

ఆ వెల్డరుని ఆపిన మర్నాడు ట్యాంకుని నా ఎదుటే మళ్లీ పరీక్షించారు. గ్యాస్ ఉంది. గాలి పెట్టి, కడిగి, మళ్లీ చూశాక మూడో రోజు అతను దిగాడు. సాయంత్రం పైకొచ్చి, చేతులు కడుక్కుని, టీ ఉందా సార్ అని అడిగాడు. నా బదిలీ కాగితం అప్పటికే బల్ల మీద ఉంది. దాన్ని పక్కకి జరిపి అతనికొక కప్పు పోశాను, నాకొకటి పోసుకున్నాను.