దేవదాస్ ఛాతీలో సాంచా

రాష్ట్రం దాటి వలసపోయి లింబాయత్ మగ్గాల షెడ్లలో పనిచేసే మనవాళ్లకు ఒక బాధ ఉంది. షిఫ్టు దిగి ఇంటికొచ్చి పడుకున్నా ఒళ్లు అదురుతూనే ఉంటుంది. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. "సాంచా ఒంట్లకెక్కింది" అని నవ్వి ఊరుకుంటారు. సిరిసిల్ల నుంచి వచ్చి సాంచాల మధ్యే ముసలివాడైన దేవదాస్, ఛాతీలో ఏదో దబదబమంటోందంటే ఇంకెవరు పట్టించుకుంటారు? భార్య వెంకటవ్వ కూడా పట్టించుకోలేదు.

కరెంటు పోయి వీధిలో సాంచాలన్నీ ఆగిపోయిన మర్నాడు పొద్దున ఆమె అతని ఛాతీకి నూనె రాస్తోంది. ఏనాడో బైపాస్ చేసిన కోత గుర్తు పక్కన, అరచేయి కింద, చర్మం ఎగిరెగిరి పడింది. నిన్నంతా ఇంట్లో పడుకున్న మనిషికి సాంచా అదురు ఎక్కడిది? ఆమె నూనె గిన్నె పక్కన పెట్టేసింది.

"లే, దవాఖానకు పోదాం."

"రేపు పోదాం తియ్యే."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ, ఆ మాట అన్నవాళ్లు వెంకటవ్వను చూసి ఉండరు. ఆటో ఎక్కించి తీసుకుపోయింది.

స్కాన్ చూసిన డాక్టర్ హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అప్పట్లో కాలి నుంచి తీసి గుండెకు అతికించిన నరం ఒకచోట సైకిల్ ట్యూబులా ఉబ్బింది. పగిలితే ఆసుపత్రికి వచ్చే వ్యవధి కూడా ఉండదు. మళ్లీ ఛాతీ తెరవాలి, ఇవాళే చేరాలి. ఇది ఎప్పటినుంచి తెలుస్తోందని అడిగాడు.

"దీపావళికి షెడ్డు బంద్ వెట్టినప్పటి సంది" అంటూ దేవదాస్ లేచాడు. "నేను చేయించుకోను. ఇంటికి పోదాం నడువ్."

వెంకటవ్వ కదల్లేదు. దీపావళి తర్వాతే అతను ఆదివారాలు కూడా పనికి పోవడం మొదలుపెట్టాడు.

"ఇది సాంచా అదురు కాదని ఎరుకైనంక గూడ చెప్పలేదా?"

"సాంచాల నడుమ ఉంటె తెలువదే. ఇంట్ల పండుకుంటెనే కొట్టుకునేది తెలుస్తది" అన్నాడతను నేల చూస్తూ. "మల్ల కోస్తరంటే నాకు భయమైతాంది."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్లూ దాచాడు. ఆమెకు ఒళ్లు మండింది, అంతకు మించి ఏడుపొచ్చింది. కాపురానికి వచ్చాక ఆ నోట భయమనే మాట వినడం అదే మొదలు.

"నాకు భయమైతలేదా? భయమైతే నాకు చెప్పాలె గని, పోయి షెడ్డుల దాక్కుంటరా?"

అతను తలెత్తి ఆమెను చూశాడు.

"నన్ను లోపలికి తీస్కపోతె నువ్వు బయటనే ఉంటవా?"

"ఇంకేడికి పోత?"

దేవదాస్ మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.