నర్సన్న మైకు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మెదక్‌లో ఇరవై ఏళ్లు మైక్‌సెట్టు నడిపినవాడిని. స్పీకరు గుర్రుమన్నా, కీచుమన్నా ముందు వైరు చూస్తాను. ఇప్పటికీ అంతే. ఒక్క క్యాసెట్టు విషయంలో మాత్రం నా తెలివి పనిచేయలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులవి. మా రమేశ్ గిటారు మెడలో వేసుకుని, తానే పాటలు రాసుకుని రాక్ పాడేవాడు. ఊళ్లో సగం మంది నవ్వేవారు. మిగతా సగం నవ్వుతూనే చప్పట్లు కొట్టేవారు. అతని జట్టులో డ్రమ్ములు లేవు, నర్సన్న డప్పు ఉండేది. ఊపొస్తే రమేశ్ పాట పరుగెత్తేది. నర్సన్న దెబ్బే దాన్ని పట్టి ఆపేది.

నర్సన్నకూ నాకూ ఒకటే తగువు. ప్రతి ప్రోగ్రాంలో మంట దగ్గర డప్పు కాపుకుంటూ అరిచేవాడు: "తమ్మీ, జర నా మైకు పెంచు!" డప్పుకు మైకు పెట్టడమే ఎక్కువని నేను ఇంకాస్త తగ్గించేవాడిని.

లైవ్ ఆల్బం రికార్డింగుకు నెల ముందు నర్సన్న గుండెపోటుతో పోయాడు. నాకు చాలా బాధేసింది. రమేశ్ అతని మీద ఒక పాట రాశాడు కానీ, ప్రాక్టీసులో ఒక్కసారి కూడా చివరిదాకా పాడలేకపోయాడు. మధ్యలోనే ఆపేసేవాడు, లేదంటే లయ తప్పేది. వేరే డప్పు పెట్టుకొమ్మంటే వినలేదు.

"గా పాట కుదరకుంటే ఆల్బమే వద్దన్నా" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి స్కూలు గ్రౌండులో మొదలుపెట్టాం. నర్సాపూర్ నుంచి కూడా జనం వచ్చారు. ఎప్పటిలాగే మిక్సర్‌ను స్టీరియో క్యాసెట్టు డెక్కుకు కలిపాను. ఎడమ వైపు గొంతు, గిటారు. కుడి వైపు డప్పు. మూడో పాటలో చూద్దును కదా, చేతి అలవాటుకొద్దీ నర్సన్న మైకు కూడా పెట్టేశాను! అతను నిలబడే ఖాళీ చోట, మోకాలెత్తు స్టాండు మీద ఉంది. నాలుక కరుచుకుని దాని వాల్యూం సున్నాకు దించాను.

చివరి పాట నర్సన్న మీద రాసిందే. అది వచ్చేసరికి నాకే భయమేసింది. రమేశ్ ఒక్కచోట కూడా తడబడలేదు. జనం లేచి గంతులేశారు.

దిగొచ్చి నన్ను వాటేసుకుంటే, "ఎట్ల పాడినవ్‌రా?" అన్నాను.

"ఏమో అన్నా, కాళ్ల కింద దెబ్బ తెలుస్తుండె."

సంబరంలో ఏదో అంటున్నాడనుకున్నాను.

మర్నాడు పొద్దున షాపులో ఇద్దరం క్యాసెట్టు వేసుకుని విన్నాం. మూడో పాట నడుమ నుంచి కుడి స్పీకరు మూగగానే ఉంది. చివరి పాటకు మోగింది. డప్పు! బ్యాలెన్స్ పూర్తిగా కుడికి తిప్పాను. గొంతు లేదు, గిటారు లేదు, డప్పు ఒక్కటే. నర్సన్నకు అలవాటైనట్టే ప్రతి చరణం చివర రెండు దెబ్బలు ఎక్కువ. రమేశ్ ఏడుస్తూ నవ్వాడు. నేనూ అంతే.

క్యాసెట్టు కొత్తది, సీలు నేనే విప్పాను. మిక్సర్‌ను హైదరాబాద్‌ తీసుకెళ్లి చూపించాను. ఏ లోపమూ లేదన్నారు. ఆల్బం అట్ట మీద డప్పు దగ్గర నర్సన్న పేరే వేయించాం.

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పాటలో డప్పు రమేశ్ గొంతు కంటే గట్టిగా ఉంది. నేనైతే అంత పెంచేవాడిని కాదు.