నా సాక్షి, నా దరఖాస్తు, ఒక బడి ఉద్యోగం

ఇంటర్వ్యూకి జనం ఫైలు పట్టుకుని వెళ్తారు. నేను ఒక ఫైలు, ఒక పక్కింటావిడ, ఆవిడ ఏడేళ్ల కూతురు, ఒక గోనెసంచి నిండా కొబ్బరి చిప్పలతో వెళ్లాను. అక్కడ జరిగిన ఘోరం చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను కానీ, అప్పట్లో ఫలితం తెలిశాక మూడు రోజులు అన్నం సయించలేదు.

మాది సముద్రం మధ్య ద్వీపాల్లో, హార్బర్ ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న రోజులవి. అమ్మ తేల్చి చెప్పేసింది. "ఈ ఎండాకాలం లోపల ఇక్కడ ఉద్యోగం రాకపోతే వైజాగ్ షిప్పెక్కీ. పిన్నోళ్ల ఇంటి కాడ స్కూల్లో చేరిపో." ఆ మాట వింటేనే నాకు ఏడుపొచ్చేది. పొద్దున్నే జెట్టీలో పడవ కూత వినకుండా నిద్ర లేవడం ఎలాగో నాకు తెలియదు మరి.

అంతలో అవతలి ఒడ్డున, టౌన్లో, ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి టీచరు కావాలన్నారు. ఫారంలో వాళ్లకు కావలసిన అర్హతలు వరసగా ఉన్నాయి. ఓపిక, దొరికే వస్తువులతోనే పాఠం చెప్పడం, కంగారులో నిబ్బరం, ఇలా. ఒక్కోదాని కింద ఖాళీ వదిలి, "ఉదాహరణతో నిరూపించండి" అని రాశారు. అది పట్టుకుని నూకరాజు మామయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా వీధిలో ఏ ఫారమైనా ఆయన చూడందే పోస్టులో పడదు.

"మామయ్యా, నిరూపించడమంటే ఏటి?"

"ఒరిజినల్ సూపించడమే అమ్మా. రేషన్ కార్డుకి ఒరిజినల్ అడగనేదా? ఐలాండర్ కార్డుకి అడగనేదా? జెరాక్సు ఎంత సక్కగున్నా, కౌంటర్ కాడ ఒరిజినల్ లేకపోతే అంతే, వాపస్!"

"ఓపికకి ఒరిజినల్ ఎక్కడ దొరుకుతాది?"

"ఎవులి కాడ ఓపిక పట్టీసినావో ఆళ్లనే అట్టుకెళ్లు."

మీరు నవ్వుతున్నారు. ఈ ద్వీపాల్లో పుట్టినవాళ్లయితే నవ్వరు. ఆ ఐలాండర్ కార్డు కోసం, ఇక్కడే పుట్టామని ఇక్కడే నిరూపించుకోవడానికి ఎన్నిసార్లు వరసలో నిలబడ్డామో మాకు తెలుసు.

ఇక నా కలానికి అడ్డు లేకపోయింది. "పక్కింటి పింకీకి మూడు నెలలపాటు ఒక్కసారైనా గొంతు పెంచకుండా ఎక్కాలు నేర్పాను" అని రాశాను. "కొబ్బరి చిప్పలతోనే కూడికలు చెప్పాను" అని రాశాను. "గాలివాన రోజున పడవలో అందరికీ ధైర్యం చెప్పాను" అని రాశాను. నిజానికి ఆ రోజు నేను కళ్లు మూసుకుని కమ్మీ పట్టుకుని వేలాడాను. ఆ కమ్మీ మాట్లాడలేదు కాబట్టి సరిపోయింది.

పింకీ వాళ్లమ్మ లత దీదీ మాట్లాడగలదు. ఆవిడనే పడవెక్కించాను.

"నన్నేటి అడుగుతారే?" అంది భయంగా.

"ఏం లేదు దీదీ. నా ఓపిక గురించి ఉన్నదున్నట్టు చెప్పీ, చాలు." ఇంతకంటే బుద్ధిలేని మాట నా జన్మలో అనలేదు.

గదిలో ప్రిన్సిపాల్ మేడమ్, మరో ఇద్దరు కూర్చున్నారు. మేడమ్ కళ్లజోడు సవరించుకుని, "వీళ్లంతా ఎవరమ్మా?" అన్నారు.

"నా ఒరిజినల్స్ మేడమ్."

మేడమ్ నా ఫారం మళ్లీ ఒకసారి చదివారు. తర్వాత ఆవిడ దీదీ వైపు తిరిగి, "ఈ అమ్మాయి మీ పాపకి ఓపిగ్గా చెప్పేదా?" అని అడిగారు.

"అబ్బో, బంగారం మేడమ్ ఈ పిల్ల! కేకేసిందంటే జెట్టీ దాకా ఇనిపిస్తాది. అందుకే మా పింకీకి ఎక్కాలన్నీ వచ్చీసినాయి!"

ఆవిడ దృష్టిలో అది పొగడ్త. మాట మార్చాలని నేను గబగబా సంచి మూతి విప్పాను. చిప్పలన్నీ గదంతా దొర్లాయి. ఆ చప్పుడికి పింకీ కెవ్వుమంది. నిబ్బరం గురించి అరపేజీ రాసిన నేను గోడకి అంటుకుపోయాను.

దీదీ మాత్రం నేల మీద చతికిలబడి, "అరే పింకీ, చిప్పలు పారిపోతున్నాయే! ఎన్ని దొరుకుతాయో అట్టుకురా చూద్దాం" అంది. రెండు నిమిషాల్లో పింకీ బల్ల కింద దూరి లెక్కపెడుతోంది. ఆ ముగ్గురూ దానికి దారిచ్చి కాళ్లు పైకెత్తుకున్నారు.

"మీరేం చదివారు?" మేడమ్ దీదీని అడిగారు.

"టీచర్ ట్రైనింగే చేసినానండి. ఇది పుట్టాక ఇంట్లో ఉండిపోయినాను."

"సాయంత్రం దాకా దరఖాస్తులు తీసుకుంటాం. ఫారం పట్టుకెళ్లండి."

వరండాలో దీదీ ఆ ఫారం నా ఒళ్లో పెట్టింది. "ఒలే సంతోషీ, తెలుగు రాసి ఏళ్లయిపోయింది. ఈ అర్హతల కాడ ఏటి రాయాలో నువ్వే రాసీయవే."

ఆవిడ ముచ్చట ఎందుకు కాదనాలి, ఉద్యోగం ఎలాగూ నాదే కదా అనుకున్నాను. అవును, అంత జరిగాక కూడా అలాగే అనుకున్నాను! అప్పుడే కళ్లారా చూసింది చూసినట్టు రాశాను. ఒక్క అక్షరం కల్పించాల్సిన పని పడలేదు.

తిరుగు పడవలో పింకీ నా ఒళ్లో నిద్రపోయింది. దీదీ, నేను ఒకే పొట్లంలో సమోసాలు తిన్నాం. "నీకే వచ్చీస్తాదే, మొక్కుకున్నాను" అంది. అంత మంచి సాయంత్రం మళ్లీ నాకు రాలేదు. ఆ గాలి తలుచుకుంటే ఇప్పటికీ మనసు తేలికపడుతుంది.

మూడో రోజున ఫోను దీదీకి వచ్చింది. ఆవిడ ఏడుస్తూ వచ్చి, "నేను చేరనే, అది నీది" అంది. "చేరకపోతే నీతో మాట్లాడను" అన్నాను. ఆ వారంలో నేను తెలివిగా అన్నది ఆ ఒక్క మాటే. తర్వాత తలుపేసుకుని, వైజాగ్ తలుచుకుని ఏడ్చాను.

చేరిన రోజున మేడమ్ దీదీతో అన్నారట. "అర్హతల కింద అందరూ గొప్పలు రాశారు. మీరొక్కరే నిజం రాశారు. ఆ కాగితం చూసే మిమ్మల్ని తీసుకున్నాం."

"అది నేను రాయలేదు మేడమ్. ఆ కేకలేసే పిల్ల రాసింది."

మేడమ్ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, చేతిరాత పోల్చి చూసి, పడీపడీ నవ్వారట. జూన్‌లో రెండో తరగతి ఖాళీ పడగానే నన్ను పిలిచారు. అమ్మ షిప్పు మాట మానేసింది. దీదీ నాకు సీనియర్. హాజరు పట్టీలో ఇవాళ్టికీ ఆవిడ పేరు కిందే నా సంతకం.

అందుచేత, హార్బర్ నీళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఎవరికైనా దరఖాస్తు రాసిపెట్టాల్సి వస్తే ముందు నాది రాసుకుంటాను, అదీ పక్కింటావిడది రాసినంత నిజంగా.