నేను ఎక్కలేదన్న పడవ

ఆరేళ్లుగా ఒక మాట మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. నా పేరు చెప్పను. కోట బస్టాండు దాటి సముద్రం వైపు వచ్చి, అబద్ధాలాయన ఇల్లేదని అడిగితే చాలు, చూపించేస్తారు. అందుకని ఊరి పేరూ చెప్పను. ఇది మాత్రం కథ కాదు. నమ్మమని అడిగే అర్హత నాకుందా? లేదు. అయినా వినండి.

సముద్రంలో గాలిమరలు నిలబెట్టి కరెంటు తీస్తారని తెలిసినప్పుడు మొదలుపెట్టింది నేనే. విదేశాల్లో ఎక్కడో ఆ మరల మోతకు రొయ్యలకు చెవుడొచ్చిందనీ, వంజరం చేపలు పిల్లాపాపలతో శ్రీలంకకు వలసపోయాయనీ టీకొట్టు దగ్గర చెప్పాను. రొయ్యకు చెవులెక్కడున్నాయని ఒక్కరూ అడగలేదు. నవ్వుతారనుకున్నాను. భయపడ్డారు. నెల తిరక్కముందే ఊరు కట్టుబాటు పెట్టుకుంది. సర్వే వాళ్లను ఎవరూ పడవెక్కించకూడదు. ఎక్కిస్తే ఆ పడవకు ఎవరూ భుజం పట్టరు. మా దగ్గర పడవ అలలు దాటాలంటే ఆరుగురు తోయాలి. భుజం లేకపోతే వేట లేదు.

నా బావమరిది పోలయ్యకు మాత్రం నా కథ ఎక్కలేదు. "ఆ మోత యాడుందో చూపిచ్చు బావా, నేనూ వింటా" అన్నాడు. గాలి కొలవడానికి సర్వే వాళ్లు పసుపురంగు పీపా ఒకటి సముద్రంలో లంగరేసి ఉంచారు. దాన్ని చూసి రావడానికి వాళ్లు పడవ అడిగితే, పోలయ్య పక్క ఊరి ఒడ్డు నుంచి వాళ్లను తీసుకుపోయాడు. నేనూ ఎక్కాను. కథకు కొత్త సరుకు దొరుకుతుందని ఎక్కాను, అంతే.

పీపా కింద కానాగంత చేపలు కిక్కిరిసి ఉన్నాయి. తాటిమట్టలు రాళ్లకు కట్టి నీళ్లలో దించితే ఆ నీడకు చేప చేరుతుందని మాకు తాతల నాటి నుంచీ తెలుసు. అంత తెలిసినవాణ్ణి, నీళ్లలో నిలబెట్టిన స్తంభం దగ్గర్నుంచి చేప పారిపోతుందని ఊరిని ఎలా నమ్మించాను? నేనే సగం ఎలా నమ్మాను? మరలొస్తే మాకు మేలో కీడో ఈరోజుకీ పూర్తిగా తెలియదు. వలలు వేసే చోటు పోతుందేమోనన్న దిగులుంది. ఊరు అడగవలసిందీ అదే. నా చెవిటి రొయ్యలు ఆ ప్రశ్నను మింగేశాయి. ఆ మధ్యాహ్నం నా మనసు మారింది. పోలయ్యతో ఆ మాట అన్నాను కూడా.

వారంలో సంగతి పొక్కింది. ఊరు కూడింది. పోలయ్య బెదరలేదు.

"నా మాట నమ్మబాకండి. మా బావని అడగండి. ఆయనా వచ్చినాడు, పీపా కింద చేపని కళ్లారా చూసినాడు."

ఊరిపెద్ద నావైపు తిరిగాడు. "ఏమబ్బయ్యా, పోయినావా?"

"నేనా? ఆ పడవ నేను ఎక్కలేదన్నా."

"బావా!" అన్నాడు పోలయ్య.

"నా కథలు వినీ వినీ వీడికీ అబ్బినాయి" అన్నాను.

అందరూ నవ్వారు. నా మాటకు ఊరు అంతగా ఎప్పుడూ నవ్వలేదు.

మర్నాడు తెల్లారి పోలయ్య పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కరూ రాలేదు. పది అడుగుల దూరంలో నేను తల వంచుకుని, వలలో లేని చిరుగు వెతుక్కుంటూ కూర్చున్నాను. అతను పడవ అమ్మేసి కృష్ణపట్నం రేవుకు పోయాడు, బొగ్గు దుమ్ములో పనికి. చేసింది చాలక నామీద నింద వేశాడని నా భార్య తన తమ్ముడితో మాటలు మానేసింది. నా మాట నమ్మి.

ఎందుకన్నాను? నా పడవకూ భుజం పోతుందన్న భయమని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. భయం కొంతే. నా కథ నా నోటితోనే అబద్ధమని ఒప్పుకోవాలన్న సిగ్గే ఎక్కువ. ఆ సిగ్గు కోసం ఒక మనిషిని ఊరు దాటించాను.

నిన్న సాయంత్రం నా భార్యకు చెప్పాను. "ఇదీ కథేనా?" అంది. కాదన్నాను. తమ్ముడి నంబరు అడిగింది. తన ఫోన్లోంచి ఎప్పుడో తీసేసింది. నాకు కంఠస్థం, ఒక్కసారీ చేయలేదు. అంకెలు ఒక్కొక్కటే చెప్పాను. ఫోన్ తీసుకుని వాకిట్లోకి పోయింది. "ఒరే, నేనురా అక్కని" అనడం వినపడింది, తర్వాత ఏడుపు. నన్ను పిలవలేదు. పిలుస్తుందని నేనూ ఎదురుచూడలేదు. గోడకానుకుని కూర్చుని, ఆరేళ్లకు నిండుగా ఒక ఊపిరి తీసుకున్నాను.