పనసచెట్టు తరఫున

కాయని చెట్టును బెదిరించే ఆచారం సోంపేట వైపు మా ఊళ్లో ఇంకా ఉంది. ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానంటారు. ఇంటి ఆడపిల్ల అడ్డుపడి, వచ్చే ఏడు కాస్తుందని బతిమాలుతుంది. ఊరికే ఒక గాటు పెట్టి వదిలేస్తారు.

తుఫానుకు కొబ్బరిచెట్లు పోయాక అమ్మ పెరట్లో నాటిన పనస ఇంతవరకు ఒక్క పిందె వేయలేదు. దాన్ని తీసేసి జీడిమొక్క పెడతానని నాన్న అన్నాడు. అంతే, చెట్టు తరఫున బతిమాలడానికి ఆదివారం పూట నన్ను టెక్కలి నుంచి రప్పించింది అమ్మ. నేను అక్కడ కాలేజీలో బోటనీ చెబుతాను.

నాకు ఒళ్లు మండిపోయింది. పెరట్లోనే పాఠం మొదలుపెట్టాను. గాటు పడ్డచోట కణాలు చితికి గ్లుటమేట్ బయటికొస్తుంది. నూడుల్స్ బండివాడు చల్లే టేస్టింగ్ సాల్టులో ఉండేదే. పక్క కణాలు దాన్ని పసిగడతాయి, వాటిలో కాల్షియం పెరుగుతుంది, ఆ కబురు ఈనెల వెంట దూరపు ఆకులదాకా పోతుంది. అక్కడ జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను తయారై, పురుగుకు తిండి అరగనివ్వని ప్రొటీన్లు పుట్టిస్తుంది. కాపుకు పెట్టాల్సిన బలం చెట్టు గాయానికి పెట్టుకుంటుంది.

"అయితే దానికి తెలుస్తాదన్నమాట," అంది అమ్మ.

"తెలియడం వేరు, నొప్పి వేరు. దానికి నరాలు లేవమ్మా."

"తెలిసినాక బయిం నేకుండా ఎలాగుంటాది? ఆకు సివరదాకా కబురెల్తాదని నువ్వే సెప్తన్నావు గదా."

తరగతిలో నిద్రపోయే పిల్లలు కూడా నా పాఠాన్ని ఇంత అడ్డంగా అర్థం చేసుకోలేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

నాన్న గొడ్డలి ఎత్తి ఒక దెబ్బ వేశాడు. బెరడు చీలి తెల్లటి పాలు కారాయి. ఈ నాటకం ఆడేది లేదని నేను మూతి ముడుచుకుని నిలబడ్డాను. రెండో దెబ్బ అదే చోట, ఇంకా లోతుగా పడింది. అమ్మ చెట్టును చూడడం లేదు, నన్ను చూస్తోంది. అప్పటికిగాని నాకు వెలగలేదు, ఆయన బెదిరించడం లేదు, నరికేస్తున్నాడు. తన మాట నాన్న వినడని తెలిసే అమ్మ నన్ను పిలిపించింది.

గొడ్డలి మళ్లీ లేచింది. నేను వెళ్లి మానుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"కొట్టకు నాన్నా. వచ్చే ఏడు కాత్తాది."

ఆయన చెమట తుడుచుకున్నాడు. "సదువుకున్నదానివి, నువ్వు సెప్పు. నిజింగా కాత్తాదా?"

నాకేం తెలుసు? రెండు దెబ్బలకు అంత లోతు గాటు పడిన చెట్టు బతికితే అదే చాలు.

"కాత్తాది," అన్నాను, "పూచీ నాది."